అయ్యగారు రాని ఆదివారం

రెండు నెలల కింద ఒక ఆదివారం పొద్దున్నే కామారెడ్డి నుంచి బైక్ తీశాను. తాడ్వాయి, లింగంపేట దాటి ఎల్లారెడ్డి వైపు. అక్కడికి దగ్గర్లోనే మా పెద్దమ్మ వాళ్ల ఊరు. ఆ ఊళ్లో ఒక చిన్న క్రైస్తవ సంఘం ఉంది. రేకుల షెడ్డు, రెండు జంపఖానాలు, ఒక డోలక్. ఆ రోజు లెక్కపెడితే ఇరవై ముగ్గురు ఉన్నారు.

వాళ్లకు సొంతంగా అయ్యగారు లేరు. నెలకోసారి వచ్చే అయ్యగారు ఇంకా చాలా ఊళ్లు చూసుకోవాలి. ఆ రోజు ఆయన రావాల్సిన ఆదివారమే. కానీ తొమ్మిదిన్నరకు ఫోన్ వచ్చింది. వేరే ఊళ్లో సమాధి కార్యక్రమం, రాలేనన్నారు.

అందరూ నా వైపు చూశారు. "కామారెడ్డిల ఉంటవు, సదువుకున్నోనివి. నువ్వే రెండు మాటలు చెప్పు బిడ్డా" అంది పెద్దమ్మ.

నేను చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. ఫోన్ తీసి, యూట్యూబ్‌లో ఒక ప్రసంగం పెట్టి, బ్లూటూత్ స్పీకర్‌కు కలిపాను. నలభై నిమిషాలు. మధ్యలో రెండు యాడ్‌లు. పిల్లలు బయటికి జారుకున్నారు, పెద్దవాళ్లు కునికిపాట్లు పడ్డారు. ప్రసంగం మంచిదే. కానీ వెనక కూర్చున్న అవ్వ కొడుకు దుబాయ్ పోయి మూడు నెలలుగా ఫోన్ చేయలేదని ఆ ప్రసంగీకుడికి ఎట్లా తెలుస్తుంది?

తెలిసిన మనిషి అక్కడే ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి లేచి, ఆ కొడుకు పేరు చెప్పి ప్రార్థన చేసింది. కునుకుతున్నవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. అయ్యగారు రాని ప్రతి వారం ఆమె అదే చేస్తుందట. దాన్ని నాయకత్వం అంటారని ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు.

చరిత్ర చూస్తే మన దగ్గర సంఘాలు పెరిగింది ఇట్లాంటి వాళ్ల వల్లే. ఎల్లారెడ్డి నుంచి దూరమేం కాని మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన పెద్ద చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. ఆ చర్చి ఫొటో మనందరి ఫోన్లలో ఉంటుంది. కానీ చుట్టూ పల్లెల్లో ప్రార్థనలు నడిపింది ఊరి సువార్తికులు, ఉపదేశకులు. అటు డోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య తమిళుడు. తాను తెలుగు నేర్చుకున్నాడు, పల్లె గురువులకు తెలుగులోనే శిక్షణ ఇప్పించాడు. ఇంకా వెనక్కి పోతే, పౌలు తీతును క్రేతు ద్వీపంలో ఉంచింది కూడా ఊరూరా పెద్దలను నియమించడానికే. ఆ పెద్దలు ఆ ఊళ్లలోని మనుషులే.

కొన్ని పనులకు అయ్యగారు ఉండాల్సిందే. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా పద్ధతిలో ప్రభు భోజనం ఇవ్వాలంటే అభిషేకం పొందిన గురువు కావాలి. కానీ వాక్యం చదవడం, పాట ఎత్తుకోవడం, జబ్బుపడ్డవాళ్ల ఇంటికి పోవడం? వీటికి ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

అయ్యగారిని కలిసి ఈ మాటే అన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఇప్పుడు ప్రతి గురువారం రాత్రి వచ్చే ఆదివారం వాక్యాన్ని ఆ అమ్మాయికీ, ఇంకో ఇద్దరికీ ఫోన్‌లోనే వివరిస్తున్నారు. ముగ్గురు ఎందుకంటే, ఒక్కరి మీదే బరువు పడకూడదు, ఒక్కరి చేతిలోనే పెత్తనం ఉండకూడదు. కానుకల లెక్క నోట్‌బుక్‌లో రాసి ఇద్దరు సంతకం పెడుతున్నారు.

అంతా సాఫీగా ఏం లేదు. "ఆడపిల్ల చెప్తే మేం వినాల్నా?" అని ఒక పెద్దాయన రెండు వారాలు రాలేదు. ఆ అమ్మాయి కూడా "నాతోని కాదన్నా" అని మెసేజ్ పెట్టింది. అప్పుడు ఆయన ఇంటికి పోయింది మా పెద్దమ్మ. "నీకు జ్వరమొచ్చిన్నాడు గోలీలు తెచ్చిచ్చింది ఎవరే?" అని అడిగిందట. మూడో వారం ఆయన వచ్చాడు. వెనకే కూర్చున్నాడు, కానీ వచ్చాడు.

మీలో చాలామందికి ఇట్లాంటి సంఘం ఊళ్లో ఉండే ఉంటుంది. పండక్కి పోయి, మైకు పట్టుకుని, సెల్ఫీ దిగి వచ్చేస్తాం. ఈసారి పోయినప్పుడు, మీరు లేని ఆదివారం అక్కడ ఎవరు ప్రార్థన నడుపుతున్నారో కనుక్కోండి. వాళ్లకు ఏం కావాలో అడగండి. పెద్దక్షరాల బైబిలా, బస్సు ఛార్జీలా, వారానికో అరగంట ఫోన్‌లో మాట్లాడే మనిషా?

మొన్న మళ్లీ పోయాను. "రెండు మాటలు చెప్పు" అని నన్నెవరూ అడగలేదు. అయిపోయాక జంపఖానాలు దులిపి మడత పెట్టాను.