ఊటకు ఎగువన పందుల దొడ్డి

పందుల దొడ్డి వల్ల పక్కనున్న నీరు చెడిందా లేదా అని తేల్చాలంటే, దొడ్డి రాకముందు ఆ నీరు ఎలా ఉండేదో తెలియాలి. ఆ పాత లెక్క లేకపోతే తర్వాత ఎన్ని సీసాలు పట్టి పరీక్షించినా వాదన తెగదు. దొడ్డివాళ్లు ‘నీరు ముందు నుంచీ ఇంతే’ అంటారు, దిగువ గూడెం వాళ్లు ‘నిన్నటిదాకా బాగుంది’ అంటారు.

విశాఖ మన్యంలో, చింతపల్లి మండలంలో సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిని కొర్రబయలు అని కూడా పిలుస్తారు. ఈ కొండల్లో చాలా గూడేలకు తాగునీరంటే ఊటనీరే. ఊట దగ్గర చిన్న తొట్టె కట్టి, గొట్టం వేసి, మోటారు అక్కర్లేకుండా నీటిని గూడెంలోకి దింపుతారు. తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే ఖోండలైట్ రాయికి ఆ పేరు ఇక్కడి కోందు తెగ నుంచే వచ్చింది. ఆ రాయి పైపొర శిథిలమై మెత్తబడుతుంది. వాననీరు అందులోకి ఇంకి, పగుళ్ల వెంట నడిచి, వాలులో ఊటగా పైకి వస్తుంది. కనుక ఊటకు సరిగ్గా పైన లేని దొడ్డి కూడా ఊటను చెరపగలదు. రాతి పగులు ఎటు వంగిందో నీరూ అటే పోతుంది.

గిరిజన కుటుంబాలకు పందుల పెంపకం కొత్త కాదు, అందులో చిన్నతనమూ లేదు. పెరట్లో తిరిగే రెండు మూడు ఊరపందుల లెక్క వేరు, షెడ్డులో కట్టే సీమపందుల లెక్క వేరు. జాతీయ పశుసంపద పథకాన్ని 2021-22లో సవరించాక, పెద్ద పందుల ఫారానికి పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా 30 లక్షల రూపాయల దాకా రాయితీ వస్తుంది. ఎదిగిన పంది పెంట, మూత్రం కలిపి రోజుకు సుమారు 5 కిలోలు వేస్తుంది. వంద పందులంటే రోజుకు అర టన్ను, దానిపైన కడుగు నీళ్లు. ఈ మురుగును కుళ్లబెట్టి అదుపులో ఉంచే సూక్ష్మజీవులు చలికి మందగిస్తాయి. పర్యాటకులు మంచు చూడడానికి వచ్చే డిసెంబరు, జనవరిలోనే ఇక్కడి కుంటల్లో నిలవ చేసిన మురుగు అరగకుండా పేరుకుంటుంది. ఆ తర్వాత తొలకరి వాన దాన్ని గెడ్డలోకి తోస్తుంది.

అలాంటి కుంటలు ఏం చేయగలవో అమెరికాలోని ఉత్తర కరోలినా చూసింది. అక్కడి తూర్పు కౌంటీల్లో లక్షల పందుల మురుగును మట్టికుంటల్లో నిలవ చేసి, పొలాల మీద చిమ్ముతారు. 1995 జూన్ 21న ఆన్‌స్లో కౌంటీలో ఓషన్‌వ్యూ ఫార్మ్స్ కుంట గట్టు తెగి, సుమారు 2.5 కోట్ల గ్యాలన్ల మురుగు న్యూ రివర్ వైపు పారింది, చేపలు కుప్పలుగా చచ్చాయి. 1997లో రాష్ట్రం కొత్త ఫారాలను నిలిపివేసింది. ఆ తరహా కొత్త కుంటలపై నిషేధాన్ని 2007లో శాశ్వతం చేసింది. పాతవి మిగిలాయి. 2018 సెప్టెంబరులో ఫ్లోరెన్స్ తుపానుకు కొన్ని గట్లు దెబ్బతిన్నాయి, ఎన్నో కుంటలు పొంగాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మన్యాన్ని ఎలా ఊడ్చిందో చూసినవాళ్లకు ఇంతకంటే వివరించనక్కర్లేదు.

గట్టు తెగితే అందరికీ కనిపిస్తుంది. మెల్లగా జారేది కనిపించదు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2012-13లో ఉత్తర కరోలినాలోని 54 వాగుల్లో నీళ్లు పట్టి చూసింది. వాటిలో 18 వాగుల పరీవాహకంలో ఫారాలు లేవు, 18 చోట్ల పందుల ఫారాలు, మరో 18 చోట్ల పందులతోపాటు కోళ్ల ఫారాలూ ఉన్నాయి. ఫారాలున్న వాగుల్లో సగానికి పైగా వాటిలో పెంట జాడ తేలింది. ఫారం లేని వాగులతో పోల్చి చూడడమే ఆ పనికి ప్రాణం.

గూడెంలోనూ దారి అదే. దొడ్డికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, దొడ్డితో సంబంధం లేని ఊట దగ్గర ఒకటి, మూడు చోట్ల ఒకే రోజు నీళ్లు పట్టాలి. ఎండాకాలంలో ఒకసారి, తొలకరికి వెంటనే ఒకసారి, వానలు ముదిరాక ఒకసారి పట్టాలి. నైట్రేట్, క్లోరైడ్, ఇ.కోలి తప్పనిసరి. మేతలో కలిపే జింకు, రాగి పెరిగితే అనుమానం బలపడుతుంది. మలం కలిసిందో లేదో చూడడానికి మంజా, మౌర్య, రావు 1982లో ప్రకటించిన హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా చాలు: నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసి ఉంటే నల్లబడుతుంది. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలన్న ఏర్పాటు ఉంది. సీసా వాళ్ల చేతిలోనే ఉండాలి. ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం 1996 నాటి పెసా చట్టం ప్రకారం గ్రామసభదే కాబట్టి, షెడ్డు లేవకముందే ఆ నీటి లెక్కను గ్రామసభ పుస్తకంలో రాయించవచ్చు.

ఉత్తర కరోలినాలో ఉంటున్న మన సంఘ సభ్యుల ఇళ్లలో ఈ మధ్య నిద్ర పట్టనివ్వనిది మాత్రం పసిపిల్లల సంగతి. సెలవులకు ఊరు తీసుకెళ్లిన మనవరాలికి అమ్మమ్మ ఊటనీరు మరగకాచి, చల్లార్చి, పాలపొడి కలుపుతుంది. కాచడం వల్ల క్రిములు చస్తాయి, నైట్రేట్ చావదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దాంట్లో చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు బిడ్డల రక్తంలో అది ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గిస్తుంది. పెదవులు, గోళ్లు నీలం తిరుగుతాయి. బావినీటితో కలిపిన పాలు తాగిన పిల్లల్లో దీన్ని 1945లో అయోవా వైద్యుడు హంటర్ కామ్లీ గుర్తించాడు. క్యాండిల్ ఫిల్టరు నైట్రేట్‌ను ఆపదు, ఆర్‌వో తగ్గిస్తుంది. తల్లిపాలు తాగే బిడ్డకు ఈ బెడద చాలా తక్కువ. అమ్మమ్మల జాగ్రత్తను తప్పుపట్టేవారు లేరు, కానీ ఈ ఒక్క విషయంలో ఆ జాగ్రత్తే ఎదురు తిరుగుతుందని వాళ్లకు ఫోన్లో ఓపికగా చెప్పవలసింది వాళ్ల కొడుకులూ కూతుళ్లే.

నీటి పరీక్ష నివేదిక చదవడంలో ఒక చిక్కుంది. భారత ప్రమాణం నైట్రేట్‌ను లీటరుకు 45 మిల్లీగ్రాములంటుంది, అమెరికా ప్రమాణం నైట్రోజన్ లెక్కన 10 అంటుంది. రెండూ దాదాపు ఒకటే. ఊరి కాగితంలో 30 అంటే హద్దులోపల. అమెరికా కాగితంలో నైట్రోజన్‌గా 30 అంటే హద్దుకు మూడింతలు.

ఉత్తర కరోలినాలో 20 లక్షలకు పైగా జనం సొంత బావుల మీదే ఆధారపడ్డారు. కేంద్ర తాగునీటి చట్టం సొంత బావులకు వర్తించదు. 2008 జులై నుంచి తవ్విన కొత్త బావులకే అక్కడ పరీక్ష తప్పనిసరి. పాత బావి ఉన్న ఇల్లు కొని, వంటగది గ్రానైటుకు వేలు పోసి, నీటి పరీక్షకు చిన్న మొత్తం పెట్టడానికి ఏళ్ల తరబడి వాయిదా వేసే ఇళ్లు సభ్యుల్లోనూ తక్కువేం కాదు. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నవారు ఈ వారమే కౌంటీ ఆరోగ్య శాఖను అడగాలి. దయచేసి అడగాలి.

 వచ్చే సంచికకు తమ నీటి నివేదికలు పంపేవారు పేరు, చిరునామా కొట్టివేసి, బావి లోతు, నీళ్లు పట్టిన నెల, నైట్రేట్ ఏ లెక్కన ఇచ్చారన్నదీ రాయాలి.