గదేం తెగులు కొడుకా?

అక్టోబర్ వచ్చిందంటే అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల ఫోన్లన్నీ ఒకేసారి ఎర్రబడతాయి. స్టేటస్‌లో మేపుల్ చెట్టు, డీపీలో మేపుల్ చెట్టు, రాలిన ఆకుల్ని పైకి ఎగరేస్తూ ఒక రీల్. నేనేం తక్కువ తినలేదు. బోస్టన్ దగ్గర కోడ్ రాసుకునే నేను కూడా న్యూ హాంప్‌షైర్ వెళ్లి రెండు వందల ఫొటోలు తీశాను. వాటిలో బాగుందనిపించిన ఒకదాన్ని ఎంచుకుని, శాచురేషన్ స్లయిడర్‌ని కుడివైపు చివరిదాకా లాగి, ఇంటికి పంపాను.

మాది వరంగల్ దగ్గర ఒక పల్లె. బాపు పత్తి వేస్తాడు. ఫొటో చూసి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "గదేం తెగులు కొడుకా? ఆకంత ఎర్రవడ్డది. మందు గొట్టలేదా ఎవలు?"

నవ్వాగలేదు. రూమ్మేట్‌కి వినిపించి వాడినీ నవ్వించాను. ఈలోపు ఇంకో మెసేజ్. "ఆకొక్కటి జూపిస్తే ఏం ఎరుకైతది? చెట్టు జూపియ్. కింద నేల జూపియ్. పక్కన ఏమున్నదో జూపియ్."

అప్పుడు గ్యాలరీ మళ్లీ చూశాను. రెండు వందల ఫొటోల్లో ఒక్క పూర్తి చెట్టు లేదు! అన్నీ జూమ్ చేసిన ఆకులే. మా ఆఫీస్ పార్కింగ్‌లో తీశానన్నా నమ్మేస్తారు.

మూడేళ్లుగా నేను ఇంటికి పోలేదు. వీసా స్టాంపింగ్‌కి వెళ్తే మళ్లీ ఎప్పుడు తిరిగొస్తానో అనే భయం. ఈ మూడేళ్లలో నేనుండే చోటు గురించి బాపుకి తెలిసిందల్లా నేను పంపిన ఫొటోలే. ఆ ఫొటోలన్నీ నాకు కావాల్సినంత మేరకే క్రాప్ చేసి పంపాను. ఈసారి ఆయన అడిగినట్టు తీద్దామని తర్వాతి శనివారం మళ్లీ బయల్దేరాను.

పొద్దున: పొగమంచు

బోస్టన్ నుంచి ఉత్తరానికి రెండు గంటల పైనే డ్రైవ్. చొకోరువా లేక్ చేరేసరికి ఇంకా సూర్యుడు రాలేదు. రాత్రి చలికి గాలి చల్లబడింది, నీళ్లలో మాత్రం ఇంకా వేసవి వేడి కొంత మిగిలుంది. అందుకే చెరువు మీద పొగమంచు లేస్తోంది. అవతలి ఒడ్డున చెట్లు, వాటి వెనక కొండ.

ఎండ పడగానే అంతా బంగారు రంగైంది. ఫోన్‌లో చూస్తే మాత్రం బూడిద రంగు! ఆటో వైట్ బ్యాలెన్స్ చేసే పనే అది. పొద్దుటి వెలుగులో ఉండే పసుపుని తప్పనుకుని సరిదిద్దేస్తుంది. ప్రో మోడ్‌లోకి వెళ్లి వైట్ బ్యాలెన్స్‌ని 5500 కెల్విన్ దగ్గర ఆపాను. పసుపు తిరిగొచ్చింది. మీ ఫోన్‌లో ప్రో మోడ్ లేకపోతే ఈ సెట్టింగ్ ఇచ్చే కెమెరా యాప్ ఒకటి వేసుకోండి.

మంచులో ఆకులు కనిపించవు, చెట్ల ఆకారాలే కనిపిస్తాయి. జూమ్ చేసినా లాభం లేదు కాబట్టి చెరువు, ఒడ్డు, కొండ అన్నీ ఫ్రేమ్‌లోకి వచ్చేశాయి.

మధ్యాహ్నం: మబ్బు

అక్కడి నుంచి కాన్వే వెళ్లి కాంకమాగస్ హైవే ఎక్కాను. కాన్వే నుంచి లింకన్ దాకా సుమారు 55 కిలోమీటర్ల రోడ్డు, అంతా అడవే. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది, సన్నగా చినుకులు. చాలామంది కార్లు వెనక్కి తిప్పేశారు. నిజానికి అడవి లోపల ఫొటోలకి ఇదే మంచి టైమ్. ఎండ ఉంటే సగం ఆకులు తెల్లగా మెరుస్తాయి, సగం నల్లటి నీడలో పోతాయి. మబ్బుంటే వెలుగు అన్నివైపుల నుంచీ సమంగా పడుతుంది. తెల్లటి ఆకాశం మాత్రం ఫ్రేమ్‌లోకి రానివ్వకూడదు.

ఒక చిక్కుంది. తడిసిన ఆకు మీద ఆకాశం అద్దంలోలా పడి, రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే ఆ మెరుపు తగ్గుతుంది. నా దగ్గర లేదు. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు లెన్స్ ముందు పెట్టి మెల్లగా తిప్పాను. ఒక కోణంలో మెరుపు పోయి అసలు రంగు బయటపడింది. స్లయిడర్ ముట్టుకునే పనే లేదు.

రోడ్డు పక్కన వంపులో నీళ్లు నిలిచిన చోట రెడ్ మేపుల్స్ ఉన్నాయి. పూర్తిగా ఎర్రబడి సగం రాలిపోయాయి. పైన గట్టు మీద చెట్లు ఇంకా పచ్చగా, అక్కడక్కడ నారింజ రంగులో ఉన్నాయి. పోయినసారి ఎర్రటి కొమ్మ ఒక్కటే తీసేవాణ్ని. ఈసారి పది అడుగులు వెనక్కి నడిచి వంపు, నీళ్లు, గట్టు అన్నీ వచ్చేట్టు తీశాను.

సాయంత్రం: ఎదురెండ

లింకన్ వైపు అంటే పడమరకి. సాయంత్రానికి మబ్బు విడిపోయి సూర్యుడు ఎదురుగా నిలబడ్డాడు. ఎండ వీపు మీద పడేట్టు నిలబడి ఫొటో తియ్యాలని చిన్నప్పుడు అందరం విన్నాం. ఆకుల దగ్గర ఒకసారి దీన్ని తిరగేసి చూడండి. వెలుగు వెనక నుంచి వస్తే ఆకులోంచి దూరి వస్తుంది, లోపల దీపం పెట్టినట్టు ఉంటుంది.

ఇక్కడ ఫోన్ కంగారుపడి అంతా తెల్లగా చేస్తుంది. బాగా వెలుగుతున్న ఆకు మీద వేలు నొక్కి పట్టుకోండి. లాక్ అయ్యాక వేలు కిందికి లాగి బ్రైట్‌నెస్ తగ్గించండి. ఎందుకో మన భాషలో చెప్తా. మామూలు జేపెగ్ ఫొటోలో ఎరుపు విలువ 0 నుంచి 255 దాకానే. అన్నీ 255కి కొట్టుకున్నాక ఈనెకీ ఆకుకీ తేడా ఉండదు, ఎర్ర పెయింట్ పూసినట్టు అవుతుంది. నేను బాపుకి పంపిన మొదటి ఫొటోలో జరిగింది ఇదే.

బాపు చదివిన ఫొటో

ఆ రాత్రి మూడు ఫొటోలు పంపాను. పొగమంచుది, ఎదురెండది చూసి "మంచిగున్నయ్" అన్నాడు. రోడ్డు పక్కన వంపు ఫొటో దగ్గర ఆగాడు. "నీళ్లు నిలిచిన కాడ ముందుగాల ఎర్రవడ్డయ్. గట్టు మీదియి ఇంక ఆగినయ్. గంతే గదా?"

అంతే! చిత్తడి నేలలో ఉన్న చెట్లు అక్కడ అందరికంటే ముందు రంగు మారతాయి. నేను అక్కడ గంటసేపు నిలబడి కూడా గమనించని సంగతి ఆయన ఐదున్నర అంగుళాల స్క్రీన్ మీద పట్టేశాడు.

తెగులు అన్న మాట కూడా ఉత్తిదేం కాదు. చలికాలం ముందు చెట్టు ఆకుల్లోని పోషకాలను వెనక్కి తీసుకుంటుంది. పచ్చదనం ఇచ్చే క్లోరోఫిల్ విరిగిపోతుంది. లోపల ముందునుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పుడే కొత్తగా తయారవుతుంది, దాని పేరు ఆంథోసయనిన్. మెగ్నీషియం తక్కువైనప్పుడు పత్తి ఆకుని ఎర్రగా చేసేది కూడా ఆంథోసయనినే. మేపుల్‌కి అది ఏటా జరిగేదే, పత్తికి కష్టం.

ఇదంతా చెప్పాను. కాసేపటికి ఆయన నుంచి ఒక ఫొటో వచ్చింది. ఎప్పుడూ విచ్చిన పత్తికాయని దగ్గరగా తీసి పంపేవాడు, "పంట మంచిగుంది" అనేవాడు. ఈసారి చేను మొత్తం. ముందు తెల్లగా విచ్చిన పత్తి. వెనక వంపు వైపు ఒక మూల అంతా ఎర్రగా.

"మొన్నటి వానలకు ఆ మూల నీళ్లు నిలిచినయ్. అరెకరం దాక ఉంటది. నీకు చెప్పలే."

ఇన్నాళ్లూ క్రాప్ చేసింది నేనొక్కణ్నే కాదన్నమాట. ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నాం. మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకి పది గ్రాములు కలిపి కొట్టాడట, ముందు నిలిచిన నీళ్లు తీసేశాడట. స్టాంపింగ్ భయం గురించి నేనూ మొదటిసారి దాచకుండా చెప్పాను.

ఈ వారం మీరూ ఇంటికి ఒక ఫొటో పంపండి. నొక్కే ముందు పది అడుగులు వెనక్కి నడవండి.