పేరుకెంత, పనికెంత?

హర్రాజు అనే మాట మీలో ఎంతమంది విన్నారు? హర్రాజు అంటే వేలం. నలుగురిలో వస్తువు పెట్టి, ఎవరు ఎక్కువ ధర పాడితే వాళ్ళకి ఇచ్చెయ్యడం. "ఇల్లు హర్రాజుకి వచ్చింది" అని మన పెద్దవాళ్ళు అంటారు. ఆ మాటకి మూలం అరబ్బీ. ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి మన మాటే అయిపోయింది. ఇక్కడ హాయిల్‌లో పాత సామాన్ల బజారుని హరాజ్ అంటారు చూడండి, అదే ఇది.

అలాంటి బజారులో ఒక వస్తువుకి ధర ఎలా పుడుతుందో ఈ పాఠంలో చూద్దాం. వస్తువు మాత్రం మీకు నచ్చేదే: డీజేలు వాడే టర్న్‌టేబుల్. మన ఆన్‌లైన్ తరగతిలో పదో క్లాసు అబ్బాయి ఒకడు పండగలకి ఇచ్చిన డబ్బులు దాచుకుని సెకండ్ హ్యాండ్‌ది కొందామని చూస్తున్నాడు. "టీచర్, టెక్నిక్స్ అని రాసుంటే చాలు, పాతదైనా రేటు దిగట్లేదు. వేరే పేరుది కొత్తగా ఉన్నా సగానికే ఇస్తున్నారు. రెండూ తిరిగేవే కదా, ఎందుకంత తేడా?" అని అడిగాడు. నా అభిప్రాయం చెబుతాను. మీరు ఒప్పుకోకపోయినా పర్వాలేదు, కారణం చెప్పగలిగితే చాలు.

ముందు ఒక చిన్న సంగతి. సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఎవరైనా "డీజే వచ్చింది" అంటే, మనిషి వచ్చాడనుకుని వీధిలోకి పరిగెత్తకండి. మన పెళ్ళి ఊరేగింపుల్లో, వినాయక నిమజ్జనాల్లో డీజే అంటే వ్యాను మీద ఎత్తుగా పేర్చిన సౌండు బాక్సులు. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నది ఆ బాక్సుల గురించే. మనం మాట్లాడుకునే టర్న్‌టేబుల్ వేరు. రికార్డు పెట్టి తిప్పే యంత్రం. రికార్డుని మీ తాతయ్యలు గ్రామఫోను ప్లేటు అనేవాళ్ళు.

డీజే టర్న్‌టేబుళ్ళల్లో అందరికంటే పెద్ద పేరు టెక్నిక్స్ ఎస్ఎల్-1200. జపాన్‌లోని మత్సుషితా కంపెనీ, ఇప్పుడు మనం పానసోనిక్ అంటున్నామే అదే, 1972లో దీన్ని బజారులోకి తెచ్చింది. తమాషా ఏమిటంటే, ఇంట్లో కూర్చుని హాయిగా పాటలు వినేవాళ్ళ కోసం చేశారు గానీ డీజేల కోసం కాదు. అప్పట్లో చాలా యంత్రాల్లో మోటారు ఒక పక్కన ఉండి, రబ్బరు బెల్టుతో పళ్ళేన్ని తిప్పేది. చేత్తో రికార్డుని వెనక్కి లాగితే ఆ బెల్టు జారుతుంది, సాగుతుంది. వదిలాక మళ్ళీ వేగం అందుకోవడానికి టైము పడుతుంది. ఎస్ఎల్-1200లో బెల్టే లేదు. పళ్ళెం కిందనే మోటారు. దాన్ని డైరెక్ట్ డ్రైవ్ అంటారు. వదలగానే ఠక్కున అందుకుంటుంది.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1973 ఆగస్టు 11న కూల్ హెర్క్ అనే డీజే పాటలు పెట్టిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజు అంటారు. ఆ తర్వాత రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ కదిపి కొత్త చప్పుడు పుట్టించే కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళకి సరిగ్గా ఇలాంటి మోటారే కావాలి. 1979లో వచ్చిన ఎంకే2 మోడల్‌లో వేగం తప్పకుండా పట్టి ఉంచడానికి, చేతి గడియారాల్లో ఉంటుందే, అలాంటి క్వార్ట్జ్ ముక్క పెట్టారు. వేగం కాస్త పెంచడానికీ తగ్గించడానికీ జారుడు మీట పెట్టారు. ఇక క్లబ్బుల్లో అదే పాతుకుపోయింది. మొత్తం ఈ వరసలో అమ్ముడైనవి సుమారు 35 లక్షలు.

అంటే ఆ పేరు ఊరికే రాలేదు. ఏళ్ళ తరబడి, పొగలో, చెమటలో, రాత్రంతా తిరిగి తిరిగి తెచ్చుకున్న పేరు. మన హాయిల్ పిల్లలకి హాతిం అత్తాయీ కథ తెలుసు కదా. ఈ ఊరి వైపు మనిషి. ఇంటికొచ్చిన అతిథులకి వండిపెట్టడానికి ఇంకేమీ లేకపోతే, తన పేరున్న గుర్రాన్నే కోసి పెట్టాడని చెబుతారు. ఆ అతిథులు అడగడానికి వచ్చింది ఆ గుర్రాన్నేనట! పద్నాలుగు వందల ఏళ్ళు దాటినా అరబ్బు దేశాల్లో దాత అంటే అతని పేరే చెబుతారు. పేరు ముందు పుట్టలేదు, పని ముందు పుట్టింది.

2010లో కంపెనీ ఎస్ఎల్-1200 తయారీ ఆపేసింది. మామూలుగా అయితే ఆగిపోయిన మోడల్‌కి ధర పడిపోవాలి. ఇక్కడ పాతవాటికి గిరాకీ పెరిగింది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని మనకొక సామెత ఉంది, సరిగ్గా అలాగే. 2016లో కంపెనీ మళ్ళీ రంగంలోకి దిగి, ఒక ప్రత్యేక మోడల్‌ని ప్రపంచం మొత్తానికీ 1,200 మాత్రమే చేసి, ఒక్కొక్కటి సుమారు 4,000 డాలర్లకి పెట్టింది. రియాళ్ళల్లో లెక్క వెయ్యండి: డాలరుకి 3.75 చొప్పున 15,000. అందులో లోహానికెంత, మోటారుకెంత, పేరుకెంత? నన్నడిగితే పేరు వాటా గట్టిగానే ఉంది. 2019లో డీజేల కోసం ఎంకే7 అని అంతకంటే చాలా తక్కువ ధరలో ఇంకొకటి తెచ్చారు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. తైవాన్‌లో హాన్‌పిన్ అని ఒక కంపెనీ ఉంది. ఇది టర్న్‌టేబుళ్ళు చేసి, వేరే వేరే కంపెనీలకి వాళ్ళ పేర్లతో ఇస్తుంది. అందుకే బజారులో కొన్ని యంత్రాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒళ్ళు ఒకటే, పైన అతికించిన పేరు వేరు. ఒక్కోసారి ధర కూడా వేరు! 2014లో పయనీర్ పీఎల్ఎక్స్-1000 అని ఒకటి వచ్చింది. మోటారు తిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఎంకే2 టార్క్ 1.5 అని టెక్నిక్స్ చెప్పుకుంటే, అదే కొలతలో పయనీర్‌ది 4.5. మూడు రెట్లు. బలం ఎక్కువైనంత మాత్రాన మంచిదైపోదు లెండి. టెక్నిక్స్ మెత్తదనానికి చెయ్యి అలవాటైన డీజేలు ఉన్నారు. కానీ చిన్న పేరు యంత్రం చేతకానిదనుకోకూడదని మాత్రం ఈ లెక్క చెబుతుంది.

మరి ధరలో అంత తేడా ఎందుకు? నాకు తోచిన కారణం చెబుతాను. మీ అమ్మగారి బంగారు గాజు అమ్మడానికి తీసుకెళ్ళారనుకోండి. కొనేవాడు "ఏ షాపులో చేయించారు" అన్న సంగతికి పెద్ద విలువ ఇవ్వడు. గీటురాయి మీద గీసి చూస్తాడు, లేదా మిషన్‌లో పెడతాడు, తూకం వేస్తాడు, బంగారానికి డబ్బులిస్తాడు. గీటురాయి అంటే బంగారం మేలిమి చూసే నల్లరాయి. చేయించినప్పుడు కట్టిన మజూరీ, అంటే చేతికూలి, తిరిగి రాదు. పరీక్ష ఉంది కాబట్టి పేరుతో పనిలేదు. సెకండ్ హ్యాండ్ టర్న్‌టేబుల్‌కి ఆ సౌకర్యం లేదు. ఫోనులో నాలుగు ఫొటోలు చూస్తాం. లోపల ఏది అరిగిందో, ఎవరు విప్పి ఎలా బిగించారో తెలీదు. పరీక్ష లేని చోట పేరే గీటురాయి అయిపోతుంది. భయానికి కట్టే బీమా అది.

ఈ బీమాలో కొంత నిజంగానే పనికొస్తుంది. టెక్నిక్స్ లక్షల్లో అమ్ముడైంది కాబట్టి విడిభాగాలు దొరుకుతాయి, బాగుచేసేవాళ్ళు దొరుకుతారు. వెస్టాక్స్ అని జపాన్‌దే ఇంకో కంపెనీ ఉండేది. స్క్రాచ్ చేసే డీజేలు దాన్ని ఎంతో ఇష్టపడేవాళ్ళు. 2014లో దివాళా తీసింది. యంత్రం ఎంత మంచిదైనా, చిన్న ముక్క విరిగితే దానికోసం దేశాలన్నీ వెతుక్కోవాలి. అక్కడ ధర తగ్గితే అన్యాయం అనలేను.

కానీ మిగతా బీమా వట్టి ధీమా. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు కదా, పేరు పెద్దదే, ఊళ్ళోకి వెళ్ళి చూస్తే చెత్తకుప్పలే అని. పాత ఎంకే2 ఎంత గొప్పదైనా ముప్ఫై ఏళ్ళు క్లబ్బులో నలిగితే నలిగినట్టే. దాని వైర్లు లోపలికి అతికించి ఉంటాయి, ఊడదీసి మార్చడం సులువు కాదు. సూది మొనని వెలిగించే చిన్న బల్బు చాలావాటిలో ఎప్పుడో పోయి ఉంటుంది. పైగా జపాన్ నుంచి వచ్చినదైతే అది 100 వోల్టుల కరెంటుకి చేసింది. దాన్ని తెచ్చి మన 220 సాకెట్లో నేరుగా పెడితే, పేరు కాపాడుతుందా?

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది మీ సైన్సు టీచరుకి కూడా నచ్చుతుంది. ఇండియాలో కరెంటు 50 హెర్ట్జ్, సౌదీలో 60. బెల్టుతో తిరిగే పాత యంత్రాల్లో కొన్నిటి మోటారు వేగం ఈ హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది. తాతయ్యగారి అలాంటి యంత్రాన్ని ఊరి నుంచి తెచ్చి, వోల్టేజి సరిచేసి ఇక్కడ పెట్టినా, నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ప్లేటు 40 తిరుగుతుంది. ఘంటసాల గారి గొంతు చిన్నపిల్లాడి గొంతులా వస్తుంది. క్వార్ట్జ్ ఉన్న డైరెక్ట్ డ్రైవ్‌కి ఈ బాధ లేదు, మీద ఏ పేరు రాసి ఉన్నా సరే. అదీ నాణ్యత అంటే.

గల్ఫులో ఉన్న మన ఇళ్ళల్లో ఒక అలవాటు ఉంది. నేను ఇక్కడికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు గానీ, వచ్చిన మొదటి నెలలోనే కనిపెట్టాను. ఫ్రిజ్ కొన్నా, మంచం కొన్నా, "వెళ్ళేటప్పుడు ఎంతకి పోతుంది?" అని ముందే అడుగుతారు. ఫైనల్ ఎగ్జిట్ అంటే ఏమిటో ఇక్కడ పుట్టిన ఆరేళ్ళ పిల్లలకి కూడా తెలుసు. ఎవరి కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుందో తెలీదు, నెల రోజుల్లో ఇల్లంతా అమ్ముకోవాలి. అలాంటప్పుడు పేరున్న వస్తువు తొందరగా పోతుంది, డబ్బులు చేతికొస్తాయి. కాబట్టి పెద్దవాళ్ళు పేరు చూసి కొంటారంటే తప్పు పట్టను. ఆ తొందరలో పేరే నగదు.

అయితే పదిహేనేళ్ళ పిల్లాడు కూడా అలాగే ఆలోచించడం నాకు నచ్చలేదు. ఆ అబ్బాయి రెండో ప్రశ్న ఏమిటో తెలుసా? "టీచర్, ఏది కొంటే మళ్ళీ అమ్మేటప్పుడు నష్టం రాదు?" ఇంకా కొననేలేదు! నేర్చుకోవాలని కొంటున్నాడు, ఏడాదైనా వాయించాలని కొంటున్నాడు. ఆ ఏడాదిలో నేర్చుకున్న విద్యకి హరాజ్‌లో ధర ఎవరు కడతారు? దాచుకున్న డబ్బంతా పేరు మీద పెట్టేస్తే, మిక్సర్‌కీ రికార్డులకీ ఏమీ మిగలదు. ఒక్క టర్న్‌టేబుల్‌తో డీజే ఏం చేస్తాడు పాపం, రెండు కావాలి. అతని స్థితిలో నేనుంటే చిన్న పేరుదే, కానీ పరీక్ష చేసి, రెండు కొంటాను.

పరీక్ష కష్టమేమీ కాదు. పళ్ళెం అంచున చుక్కల వరసలు ఉంటాయి, పక్కన చిన్న లైటు. వేగం మీట సున్నా దగ్గర పెట్టి తిప్పితే, అంత వేగంగా తిరుగుతున్నా ఒక వరస చుక్కలు కదలకుండా నిలబడినట్టు కనిపించాలి. అవి పాకుతుంటే వేగం తప్పుతున్నట్టు. సూది ఉండే చేతిని రెండు వేళ్ళతో మెల్లగా పట్టి కదిపితే లొడలొడలాడకూడదు. కుడి, ఎడమ రెండు స్పీకర్లలోనూ పాట రావాలి. మీటని ఈ చివర నుంచి ఆ చివరకి జరిపితే వేగం సాఫీగా మారాలి, మధ్యలో గంతులు వెయ్యకూడదు. చివరగా యంత్రాన్ని తిప్పి వెనక చీటీ మీద వోల్టులు చదవాలి. ఫోనులో కొనేవాళ్ళు ఇవన్నీ వీడియో తీసి పంపమని అడగచ్చు. పంపనంటే వేరేది చూసుకోవచ్చు.

ఆ అబ్బాయి ఇదంతా విని, "మరి నేను అమ్మేటప్పుడు చిన్న పేరు అని తక్కువకి అడుగుతారు కదా టీచర్" అన్నాడు. అడుగుతారు. అప్పుడు చుక్కలు నిలబడిన వీడియో, రెండు స్పీకర్ల వీడియో, కొన్న రసీదు ముందే పెట్టి, ఏమైనా గీత పడి ఉంటే అదీ చూపించి, నీ ధర నువ్వు చెప్పు అన్నాను. టెక్నిక్స్ ధర రాదు. కానీ పేరు లేదు కదా అని సగానికి అడిగేవాడికి ఇవ్వాల్సిన అవసరం కూడా ఉండదు.