పసుపుకున్న మర్యాద గడ్డికేదీ?

మొన్న మార్చిలో సిరికొండ వెళ్ళాను. మా పెద్దమ్మ వాకిలి నిండా ఉడికించి ఆరబోసిన పసుపు కొమ్ములే! కొమ్ము పది పదిహేను రోజులు ఎండాలి. తేమ నూటికి 10 పాళ్ళకు దిగాలి. చిన్న మబ్బు కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చి కప్పేస్తారు.

పెరట్లో బర్రె మాత్రం మేత ముట్టకుండా నిలబడి ఉంది. వాములోంచి పిడికెడు వరిగడ్డి లాగి చూశాను. ముక్కిన వాసన, నడుమ తెల్లని బూజు.

"కోతలప్పుడు వాన పడ్డది. సరిగ ఎండకముందే వామేసినం. పసుపైతే పానం లెక్క చూసుకుంటం గాని, గడ్డినెవరు చూస్తరు బిడ్డా?" అంది పెద్దమ్మ.

అక్కడే ఉంది చిక్కంతా. బూజు విత్తనాలు పొలంలోనే గడ్డికి అంటుకొని వస్తాయి. తేమ 15 పాళ్ళలోపు ఉంటే నిద్రపోతాయి. 20 దాటితే లేస్తాయి. లేచినవి ఊపిరి తీస్తూ వేడినీ, మరికాస్త తేమనూ పుట్టిస్తాయి. ఆ ఆవిరి పైకెక్కి, చల్లని పైపొరల్లో మళ్ళీ నీరవుతుంది. టార్పాలిన్ బిగించి కడితే ఆ నీటికి దారే ఉండదు. వేడి ముదిరితే వాము తనంతట తానే అంటుకోవచ్చు కూడా.

బూజు వరిగడ్డి తిన్న బర్రెలకు తోక, చెవులు, కాళ్ళు కుళ్ళే జబ్బొకటి ఉంది. 1930 ప్రాంతంలో, నేటి పాకిస్తాన్ పంజాబులోని దేఘ్ నాలా తీరాన గుర్తించారు గనుక దాన్ని 'దెగ్నాలా' అంటారు. ఇక బూజు పట్టిన గింజలు, తెలగపిండి వంటి మేతల్లో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం పాలలోకీ దిగుతుంది. కాచినా పోదు. అంటే పెరటి బూజు పిల్లల గ్లాసు దాకా వస్తుందన్నమాట!

చేయవలసింది కొంచెమే. గడ్డిని పెళుసెక్కేదాకా ఎండనివ్వండి. రాళ్ళమీద దుంగలు పరిచి, నేల తగలకుండా వాము వేయండి. పైన కప్పి, పక్కలు గాలికి వదలండి. మొదటి వారాల్లో ఇనుపచువ్వ గుచ్చి, కాసేపాగి తీసి చూడండి. చెయ్యి చురుక్కుమంటే జాగ్రత్తగా వాము విప్పాల్సిందే. బూజు గడ్డిని మళ్ళీ ఎండేస్తే వాసన తగ్గుతుంది గాని విషం పోదు.

సాయంత్రానికల్లా పెద్దమ్మ వాము విప్పించింది. ముక్కుకు గుడ్డ కట్టుకున్న మనుషులు బూజు గడ్డిని పెంటకుప్పకు చేర్చారు.

2025 జనవరిలో నిజామాబాదుకు పసుపు బోర్డు వచ్చింది. గడ్డికి బోర్డెవరు పెడతారు? ఇంటివాళ్ళే పెట్టుకోవాలి!