పులస – విలస: జాతిభేదమా? ఉపాధిభేదమా?

శ్రావణ భాద్రపదములలో గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినంతనే కోనసీమ పాయలయందు లభించు మత్స్యమునకు పులస యని పేరు. అదియే సముద్రమున చిక్కినచో విలస యందురు. పేరును, రుచియు, వెలయు భిన్నములగుటచే ఇవి రెండు జాతులని తలంచువారు కలరు. ఈ యభిప్రాయము పరిశీలింపదగినది.

జంతుశాస్త్రమున జాతి, ప్రజాతి, కుటుంబము అను సోపానక్రమము కలదు. తమలో తాము సంతానము బడయగలిగి, ఆ సంతానమునకును ప్రజననశక్తి గల జీవసముదాయము జాతి. సన్నిహితములైన జాతులు ప్రజాతిగను, అట్టి ప్రజాతులు కుటుంబముగను ఏర్పడును. ఇట విలసయే గ్రుడ్లు పెట్టుటకై నదిని ఎదురీది పులస యగుచున్నది. పులస పిల్లలే సముద్రము జేరి విలస లగుచున్నవి. తల్లి యొక జాతి, బిడ్డ వేఱొక జాతి యనుట పొసగదు.

నైయాయికులు జాతిని ఉపాధినుండి వేఱుపఱచిరి. గోత్వము జాతి, పాచకత్వము ఉపాధి. వంట చేయుటచే పాచకుడైనవాడు మనుష్యత్వమును వీడడు. అట్లే పులసత్వము నదీప్రవేశముచే గలిగిన ఉపాధియే.

శాస్త్రనామచరిత్రయు దీనిని బలపఱచుచున్నది. విశాఖపట్టణ మత్స్యములను గూర్చి పాట్రిక్ రస్సెల్ 1803లో ప్రకటించిన గ్రంథమున స్థానికనామములు కలవు. అందలి 'పలస' శబ్దమును గైకొని కువియర్ 1829లో ఈ మత్స్యమునకు క్లుపియా పలస యని పేరిడెను. కాని గంగామత్స్యములను వర్ణించిన హామిల్టన్ 1822లోనే 'ఇలిష' యని పేరిడియుండెను. పూర్వనామమునకే ప్రామాణ్యమను నియమముచే తెలుగుపేరు పర్యాయమాత్రమై మిగిలెను. పిదప ప్రజాతినామము క్లుపనోడాన్, హిల్సా, టెన్యులోసా యని మాఱెను. చిరకాలము క్లుపిడే కుటుంబమున నున్న దీనిని ఇటీవలి వర్గీకరణములలో డోరోసోమాటిడే యందు చేర్చుచున్నారు. పై సోపానములు పండితుల వివేచనను బట్టి మాఱినను, ఇలిష యను జాతి చెదరలేదు.

ఇది శబ్దవివాదము మాత్రము కాదు. వేఱుజాతులని తలంచినచో, సాగరసంగమముల యొద్ద విలసను ఎంత పట్టినను పులసకు కొఱత లేదనిపించును. నిజమునకు, నదికి మరలి అంతర్వేది యొద్దనే వలలో పడిన విలస, రాజోలు చేరని పులసయే.

అట్లని జాలరుల నామభేదమును అజ్ఞానమని త్రోసిపుచ్చరాదు. ఒకే జీవియొక్క రెండవస్థలను రెండు పదములతో సూచించిన సూక్ష్మదృష్టి అది. కావున నిఘంటుకర్తలు పులసకు 'మత్స్యవిశేషము' అని వ్రాసి విడువక, 'నదిని ప్రవేశించిన విలస' యని వివరించుట యుక్తము. జాతిని శాస్త్రము చెప్పగలదు. అవస్థను చెప్పు పదము మాత్రము గోదావరి యొడ్డుననే దొరకును.