చిత్రమునమ్మి గోడకు సున్నమా?

అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున వల్పరైజో విశ్వవిద్యాలయము తన కళామ్యూజియములోని మూడు ప్రఖ్యాత తైలవర్ణచిత్రములను విక్రయించి, ఆ ధనముతో ప్రథమ సంవత్సర విద్యార్థుల వసతిగృహములను బాగుచేయింప సంకల్పించినట్లు 2023 లో ప్రకటించినది మొదలు జరిగిన వాదప్రతివాదములలో, ఉభయపక్షములవారును ఒక ముఖ్యవిషయమును విస్మరించిరి. పొరుగుననున్న ఒహైయో రాష్ట్రములో, ఓబర్లిన్ కళాశాలకు చెందిన ఆలెన్ స్మారక కళామ్యూజియము 1940 నుండి మూలకృతులను విద్యార్థులకు అద్దెకిచ్చుచున్నది. విద్యార్థి తాను కోరిన చిత్రమును తన గదికి తీసికొనిపోయి, ఒక సెమిస్టరు కాలము గోడకు తగిలించుకొనవచ్చును. అద్దె 5 డాలర్లు. ఒకచోట వసతిగృహముకొరకు చిత్రమును అమ్ముచున్నారు. మరియొకచోట చిత్రమునే వసతిగృహమునకు పంపుచున్నారు. ఈ రెండింటిలో విద్యాధర్మమెఱిగిన సంస్థ యేదియో నిర్ణయించుటకు గొప్ప పాండిత్యమక్కరలేదు.

అమ్మదలచిన చిత్రములలో మొదటిది జార్జియా ఓకీఫ్ 1930 లో రచించిన ‘రస్ట్ రెడ్ హిల్స్’. న్యూ మెక్సికో భూములలోని ఎఱ్ఱమట్టి గుట్టలు, మడతలుపడిన వాటి పార్శ్వములు, పైన పసుపును ఎఱుపును కలిసి మండుచున్న ఆకాశము: మనుష్యుడు లేడు, ఇల్లు లేదు, కథ లేదు, కేవలము రంగుచేతనే కొండకు బరువును కల్పించిన చిత్రమది. తక్కిన రెండును ఫ్రెడరిక్ చర్చ్ పర్వతదృశ్యమును, చైల్డ్ హాసమ్ చిత్రించిన స్వర్ణద్వార జలసంధి దృశ్యమును. 1953 లో పెర్సీ స్లోన్ అను దాత, చిత్రకారుడైన తన తండ్రి జూనియస్ స్లోన్ స్మృత్యర్థము, ఆ విశ్వవిద్యాలయమునకు చిత్రసంచయమును, దానితోపాటు క్రొత్త చిత్రములను కొనుటకు కొంత నిధిని ఒసగెను. ఓకీఫ్ చిత్రమును 1962 లో కొనినది ఆ నిధితోడనే. దాత కోరినవి సంప్రదాయశైలి చిత్రములే కనుక, ఓకీఫ్, హాసమ్‌ల చిత్రములను కొనుటయే ఆ దానపత్రమునకు విరుద్ధమని, ఇన్ని దశాబ్దముల తరువాత న్యాయస్థానమున వాదించుటకు విశ్వవిద్యాలయము సంకోచింపలేదు. 2024 లో న్యాయస్థానము విక్రయమునకు అనుమతినిచ్చినది. ఆ సంవత్సరముననే మ్యూజియము మూతపడినది. సంచాలకుని పదవి రద్దయినది. ఎవరి పేరిట ఆ మ్యూజియము వెలసినదో ఆ తొలి సంచాలకుడు రిచర్డ్ బ్రాయర్, చిత్రములను అమ్మినచో తన పేరును దానినుండి తొలగింపవలసినదని కోరెను.

విశ్వవిద్యాలయాధికారుల వాదమునకు మూలమొక్కటే: ఈ చిత్రములు విద్యాలక్ష్యమునకు అత్యావశ్యకములు కావు, వసతిగృహములు అత్యావశ్యకములు. దీనికి ప్రత్యుత్తరముగా మ్యూజియము పక్షమున పలికినవారిలో పలువురు చేసిన వాదము నాకు అంతకంటె ఎక్కువ విసుగు పుట్టించినది. ఎందరు సందర్శకులు వచ్చిరి, ఎన్ని ప్రదర్శనలు జరిగినవి, ఎన్ని ఉపన్యాసములు, ఎన్ని సాయంకాల సంగీతగోష్ఠులు రాబోవు కార్యక్రమముల పట్టికలో నున్నవి అని లెక్కలు చూపి వారు మ్యూజియమును రక్షింపబూనిరి. లెక్కతో గెలువదలచినవాడు లెక్కతోనే ఓడును. వసతిగృహములో నిద్రించువారి సంఖ్య ఎల్లప్పుడును చిత్రశాలలో నిలుచువారి సంఖ్యను మించియే యుండును. ఆ పోటీకి అంగీకరించిన క్షణముననే మ్యూజియము ఓడినది. అడుగవలసిన ప్రశ్న వేఱు: ఈ విద్యాలయమున నాలుగేండ్లు చదివిన విద్యార్థికి ఒక మూలకృతితో ఎంత సన్నిహిత సహవాసము లభించినది? ఈ ప్రశ్నకు ఓబర్లిన్ 1940 లోనే సమాధానము చెప్పినది. దానిని ఉభయపక్షములవారును తమ వాదములలో ఉదాహరింపకుండుట నాకు దుర్భరముగా నున్నది.

ఆ పద్ధతిని కొంత వివరముగా చూడవలెను. సెమిస్టరు ఆరంభమున చిత్రములను ఇచ్చు దినమునకు ముందటి రాత్రియే విద్యార్థులు మ్యూజియము ఆవరణలో గుడారములు వేసికొని వరుసలో పడుకొందురు. పికాసో, రెన్వా, షగాల్, వార్హోల్ వంటివారి కృతులు ఆ అద్దె సంచయములో కలవు. తెల్లవారి వంతు వచ్చినవాడు తనకు నచ్చిన దానిని ఎన్నుకొని, చట్రమును చంకనిడుకొని, చెట్లక్రిందుగా తన గదికి నడచిపోవును. రసాయనశాస్త్రము చదువువాడైననేమి, అర్థశాస్త్రము చదువువాడైననేమి, ఆ సెమిస్టరంతయు ప్రాతఃకాలమున కన్ను తెఱచునప్పుడు వానికి ఎదుట కనబడునది ఒక మహాచిత్రకారుని చేతిగీత. ప్రదర్శనశాలలో మనము ఒక్కొక్క చిత్రము ముందు నిలుచునది క్షణకాలము. ఇచ్చట ఆ చిత్రము పరీక్షల కాలమున, జ్వరము వచ్చిన దినమున, మిత్రునితో తగవుపడిన రాత్రి కూడ గోడమీదనే యుండును. చూడదలచినప్పుడు కనబడును, చూడనొల్లనప్పుడును కనబడును. చూపునకు సంస్కారమలవడునది ఇట్టి నిత్యపరిచయము చేతనే గాని, ఆహ్వానపత్రిక మీద అచ్చొత్తిన ప్రారంభోత్సవముచేత కాదు. దీనికి ఓబర్లిన్ పుచ్చుకొనునది 5 డాలర్లు.

ఇక రాబోవు ప్రదర్శనల మాట. కొందఱు ఔదార్యముతో, మూడు చిత్రములు పోయినంత మాత్రమున మ్యూజియము పోదు, మిగిలినవానితోను ఎరువు తెచ్చిన వానితోను ప్రదర్శనలు జరుపవచ్చును అనిరి. ఇది మ్యూజియముల లోకవ్యవహారమెఱుగని మాట. ప్రదర్శనలు పరస్పర విశ్వాసముమీద నడచును. నీయొద్ద ఇతరులు కోరదగిన కృతి యున్నచో నీవు ఎరువిత్తువు, నీకును ఎరువు దొరకును. విక్రయధనమును క్రొత్త కృతుల కొనుగోలునకును సంచయ సంరక్షణకును దక్క ఇతర వ్యయములకు వాడరాదని అమెరికా మ్యూజియముల వృత్తిసంఘములు నియమము చేసికొన్నవి. వర్జీనియాలోని రాండోల్ఫ్ కళాశాల 2014 లో జార్జ్ బెల్లోస్ చిత్రమైన ‘మెన్ ఆఫ్ ది డాక్స్’ను లండను నేషనల్ గ్యాలరీకి 2.55 కోట్ల డాలర్లకు అమ్మినప్పుడు, కళామ్యూజియముల సంచాలకుల సంఘము ఆ కళాశాల మ్యూజియమునకు కృతులను ఎరువీయవద్దనియు, ప్రదర్శనలలో దానితో సహకరింపవద్దనియు తన సభ్యులను కోరినది. ఆ చిత్రమును 1920 లో ఆ కళాశాల విద్యార్థినులు, పురజనులు చందాలు పోగుచేసి కొనిరి. పిల్లలు కూడబెట్టి కొన్నదానిని పెద్దలు అమ్మిరి! ఇట్లు అమ్మిన సంస్థకు మిగులునది ఖాళీగోడ యొక్కటియే కాదు, రాబోవు కార్యక్రమముల పట్టిక కూడ ఖాళీయే. విత్తనపు గింజలను వండుకొని తిన్న రైతు రాబోవు పంటను గూర్చి మాటలాడుట యెట్లుండునో, చిత్రములనమ్మిన విద్యాలయము రాబోవు ప్రదర్శనలను గూర్చి మాటలాడుట యట్లుండును.

విశ్వవిద్యాలయమునకు కష్టము లేదని నేననను. వల్పరైజోలో విద్యార్థుల సంఖ్య క్షీణించినది. దాని న్యాయకళాశాల 2020 లో మూతపడినది. విలువైన చిత్రములకు తగిన కాపలా ఏర్పఱచుట వ్యయముతో కూడినదన్న మాటలోను కొంత నిజమున్నది. ఓబర్లిన్ అద్దెకిచ్చునవి ఓకీఫ్ తైలచిత్రమంత మూల్యముగలవి కావనుటయు సత్యమే. కాని కష్టములో నున్న సంస్థలన్నియు చిత్రములనే అమ్ముకొనలేదు. 2009 లో మసాచుసెట్స్ రాష్ట్రములోని బ్రాండైస్ విశ్వవిద్యాలయ ధర్మకర్తలు తమ రోజ్ కళామ్యూజియమును మూసి సంచయమును విక్రయింప తీర్మానించిరి. దాతలు, విద్యార్థులు, అధ్యాపకులు తిరుగబడిరి. ఆ తీర్మానముపై నడచిన వ్యాజ్యము 2011 లో రాజీతో ముగిసినది. చిత్రములు నిలిచినవి, విశ్వవిద్యాలయమును నిలిచినది. వేఱు మార్గమే లేదనెడి మాట వేఱు మార్గమును వెదకనివారి మాట. వెదకదలచినవారికి 1940 నాటి మార్గము తెఱచియే యున్నది.

ఇది దూరదేశపు వ్యవహారమని మనము ఉపేక్షింపరాదు. తెలుగునాటి తలిదండ్రులు వేలసంఖ్యలో తమ బిడ్డలను అమెరికా విద్యాలయములకు పంపుచున్నారు. ఆ విద్యాలయములు దేనిని ఆవశ్యకమని, దేనిని అనావశ్యకమని యెంచుచున్నవో తెలిసికొనుట వారికిని అవసరమే. మన దేశములోను ఈ ప్రశ్న కలదు. కలకత్తా విశ్వవిద్యాలయము 1937 లోనే ఆశుతోష్ మ్యూజియమును స్థాపించినది. రాయ్ కృష్ణదాస్ 1920 లో కాశీలో నెలకొల్పిన భారత కళాభవనము 1950 నుండి హిందూ విశ్వవిద్యాలయములో భాగమై, లక్షకు మించిన వస్తుసంపదతో విలసిల్లుచున్నది. అమూల్యములైన లఘుచిత్రములను విద్యార్థుల గదులకు పంపుమని ఎవ్వరును కోరరు. ఓబర్లిన్ కూడ తన సంచయమంతయు పంపుటలేదు, అందుకొరకు వేఱుగా నొక సంచయమును కూర్చుకొన్నది. మనకును అట్టి సంచయము కూర్చుకొనుట అసాధ్యము కాదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములోను, జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయములోను, ఆంధ్ర విశ్వవిద్యాలయములోను చిత్రకళ, ముద్రణచిత్రకళ అభ్యసించువారు కలరు. వారి కృతులు వార్షిక ప్రదర్శన ముగిసిన వెంటనే గోడలు దిగవలసిన పనిలేదు. విద్యాలయము వానిలో మేలైనవానిని ఉచితమైన మూల్యమునకు కొని, చట్రములు కట్టించి, ఇతర శాఖల విద్యార్థులకు స్వల్పమైన అద్దెకు ఇచ్చినచో, చిత్రకారునకు తొలి సంపాదన, విద్యార్థికి తొలి సహవాసము, రెండును ఒక్కమాఱే లభించును.

కావున పాలకమండలులవారికి స్పష్టముగా చెప్పవలసినది ఇది. మ్యూజియము మీకు భారమైనది చిత్రముల దోషముచేత కాదు. వానిని విద్యార్థులకు దూరముగా నుంచి, ఏడాదికి నాలుగు ప్రారంభోత్సవములు జరిపి, అదియే కళాసేవ యని మీరు తృప్తిపడినందుచేత. వాడుకలోనికి తేనిదానిని నిరుపయోగమని నిందించుట, నిందించి అమ్ముట, అమ్మి విద్యార్థుల మేలుకొరకని చాటుట, ఇవి మూడును ఒకే అపరాధమునకు మూడు మెట్లు. విద్యార్థులకు మంచి గదులు కావలెను, నిజమే. వానిని కట్టింపుడు, చందాలు వేడుడు, ఆడంబరములను తగ్గింపుడు. కాని దాత ఒక తరమునకు కాక తరతరములకు ఇచ్చిన సొత్తును తాకుటకు మీకు ధర్మాధికారము లేదు. చిత్రముల కెందరు వచ్చిరని లెక్కించుట మానుడు. చిత్రములను ఎందరి యొద్దకు పంపితిరో చెప్పుడు. 1940 నుండి ఒక చిన్న కళాశాల 5 డాలర్లకు చేయుచున్న పనిని కోట్ల నిధులుగల విశ్వవిద్యాలయము చేయజాలనిచో, లోపము ధనములో లేదు, పాలకుల సంకల్పములోనే యున్నది. అట్టి పాలకులు విద్యార్థుల పేరు చెప్పి చిత్రములను వేలమునకు పంపుట ఇకనైన మానవలెను.