నిద్ర సుఖ మెరుగదా?

‘ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు’ అని మన పెద్దలు చెప్పిరి. ఉర్దూలోను ‘నీంద్ సూలీ పర్ భీ ఆ జాతీ హై’ అను సామెత కలదు. ఉరికొయ్య మీదనైనను నిద్ర వచ్చునని దాని భావము. రెండు భాషలవారును ఒకే మాట చెప్పుచుండగా దానిని కాదనుట సాహసమే. కాని ఆ సామెతలు రెండును నిద్ర పట్టుటను గూర్చి చెప్పినవే గాని, తెల్లవారి లేచుటను గూర్చి చెప్పినవి కావు. నిద్ర సుఖ మెరుగకపోవచ్చును. నడుము మాత్రము తప్పక యెరుగును. ఉదయమే ప్రయోగశాలలో గంటల తరబడి నిలుచుండవలసిన విద్యార్థికి ఈ భేదము బాగుగా తెలియును.

వసతి గృహమునకు పరుపులు కొను విషయము కళాశాల కమిటీ ఆలోచనలో ఉన్నదని తెలిసి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. నేడు మా గదులలో ఎవరి పక్క వారిదే. ఒకరిది ఇంటినుండి తెచ్చుకొన్న దూది పరుపు, ఒకరిది పాత చీరెలతో కుట్టిన బొంత, మరియొకరిది బజారులో కొన్న పలుచని ఫోము పరుపు. కొందరికి ఇనుప మంచముపై జంపఖానా ఒక్కటే. ఒకే మెస్సులో భోజనము చేసి, ఒకే తరగతిలో కూర్చుండు మేము రాత్రి పది గంటలకు మాత్రము ఇంటి స్తోమతును బట్టి వేరగుచున్నాము. అందరకును ఒకే పరుపు వేయవలెనన్న ఆలోచన అందువలననే మాకు మిక్కిలి నచ్చినది. ఏ పరుపు వేయవలెనన్నదే ప్రశ్న.

ఇటీవల ‘హైబ్రిడ్’ పరుపు అను మాట తరచుగా వినబడుచున్నది. హైబ్రిడ్ అనగానే మన పల్లెలవారికి జొన్నలును ప్రత్తి విత్తనములును తలపునకు వచ్చును. ఇచ్చటను అర్థ మదియే. క్రింద స్ప్రింగులు, పైన ఫోము. రెండు జాతుల పరుపులను కలిపి ఒకటిగా కూర్చినది. ఒంటి మంచపు కొలతలో ఇట్టి పరుపు నేడు పది వేల రూపాయలకు లోపుగనే లభించుచున్నది. మేము నలుగురము చందాలు వేసికొని ఒకదానిని తెప్పించి, మూడు నెలలు వారము వంతున మార్చుకొనుచు పరుండి చూచితిమి. మందము ఆరంగుళములు, అందు నాలుగంగుళములు స్ప్రింగులు, తక్కినది ఫోము. గాలి తీసి, చాపవలె చుట్టి పంపిన ఆ మూట విప్పగనే ఉబ్బసాగి మరునాటికి పూర్తి ఆకారమునకు వచ్చినది. మొదటి మూడు నాలుగు దినములు రసాయనపు వాసన ఉండెను. కిటికీలు తెరచి ఉంచగా పోయినది.

స్ప్రింగు పరుపులలో రెండు పద్ధతులు ముఖ్యమైనవి. పాత పద్ధతిలో స్ప్రింగులన్నింటిని తీగతో ఒకదానితో నొకటి కట్టివేయుదురు. ఒక మూల కూర్చున్నచో మరియొక మూల కదలును. కొంతకాలమునకు కిర్రుమను చప్పుడును మొదలగును. రెండవ పద్ధతిలో ప్రతి స్ప్రింగును వేరువేరు గుడ్డ సంచిలో కుట్టుదురు. 1900 ప్రాంతమున జేమ్స్ మార్షల్ అను ఇంజనీరు కనిపెట్టినది ఈ విధానమే. భుజము క్రిందనున్న స్ప్రింగు భుజపు బరువునకే అణగును, నడుము క్రిందనున్నది నడుము బరువునకే అణగును. పైన వేయు పాలీయురితేన్ ఫోమునకు మూలము 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ చేసిన పరిశోధన. ‘మెమరీ ఫోము’ అను మరియొక రకమును 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కొరకు చార్లెస్ యోస్ట్ రూపొందించెను. అది దేహపు వేడికి మెత్తబడి ఒంటి ఆకారమును పట్టును. పరుపుల ప్రకటనలలో నాసా పేరు వినిపించుటకు కారణ మిదియే. అంతరిక్షమునకును మన వసతి గృహమునకును గల దూరమును మాత్రము ఆ ప్రకటనలు చెప్పవు.

ఇక అసలు సంగతి. దుకాణమున అమ్మువారు స్ప్రింగుల సంఖ్యను గొప్పగా చెప్పుదురు, పై గుడ్డను నిమిరి చూపుదురు. చవుక హైబ్రిడ్ పరుపులో సాధారణముగా ముందుగా చెడునది స్ప్రింగు కాదు, దానిపై నున్న ఫోము. ఉక్కు తీగ ఏండ్ల తరబడి నిలుచును. నాసి ఫోము నడుము ఆనుచోట గుంటపడును. ఎంత త్వరగా గుంటపడునన్నది చాలవరకు దాని డెన్సిటీని బట్టి యుండును. డెన్సిటీ యనగా ఒక ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగునన్నది. దీనిని గట్టిదనముగా భావించువారు చాలమంది కలరు. తక్కువ డెన్సిటీ ఫోమును గూడ గట్టిగా తయారు చేయవచ్చును. చేతితో నొక్కి చూచినవారికి అది మేలైన సరకుగనే తోచును. మోసమంతయు ఇచ్చటనే దాగియున్నది. లెక్క వేసి చూడవచ్చును. 72 అంగుళముల పొడవు, 36 అంగుళముల వెడల్పు, 2 అంగుళముల మందము గల ఫోము పొర 40 డెన్సిటీదైనచో సుమారు 3.4 కిలోలు తూగును. 28 డెన్సిటీదైనచో 2.4 కిలోలు మాత్రమే. తేడా ఒక్క కిలో. ఆ కిలోను తగ్గించినవాడు తక్కువ ధర వేయగలడు, టెండరులో ఆ ధరయే నెగ్గును, మరి రెండేండ్లకు వచ్చు విద్యార్థి ఆ గుంటలో పరుండును. ఆ విద్యార్థి సంతకము ఏ టెండరు కాగితము మీదను ఉండదు.

పరుపు ఎంత గట్టిగా నుండవలెనన్న విషయమున మన యిండ్లలో ఒక నమ్మకము కలదు: నడుము నొప్పికి గట్టి బల్లయే మందు అని. లాన్సెట్ వైద్య పత్రికలో 2003లో ప్రకటింపబడిన స్పెయిన్ దేశపు పరిశోధన దీనిని బలపరచలేదు. దీర్ఘకాలపు నడుము నొప్పి గల 313 మందిలో కొందరికి గట్టి పరుపులను, కొందరికి మధ్యరకపు పరుపులను ఇచ్చి 90 దినములు చూడగా, మధ్యరకపు వానిపై పరుండినవారికే మేలు ఎక్కువగా కనబడినది. మా పరీక్షలోను మధ్యరకమే పలువురకు సరిపడునని తోచినది. అందరకును మాత్రము కాదు. మాలో యాబది కిలోలు తూగు మిత్రునకు ఆ పరుపు కొంత గట్టిగానే ఉండెను, ఎనుబది దాటిన మిత్రునకు తుంటి దిగబడుచున్నదని తోచెను. ప్రక్కకు తిరిగి పరుండువారికి భుజము దగ్గర హాయిగా నున్నది. బోర్ల పరుండు అలవాటు గల మిత్రుడు తన దూది పరుపునే మెచ్చుకొనుచున్నాడు. అతనిని ఒప్పించుట మా వల్ల కాలేదు.

మరియొక సంగతిని అమ్మువారు తలంపనైన తలంపరు. వసతి గృహమున మంచము కుర్చీ కూడ. చదువుటయు, టీ త్రాగుటయు, పరీక్షల ముందు ఆరుగురు చేరి చర్చించుటయు దాని అంచుమీదనే. చవుక పరుపులకు అంచు బలము తక్కువ. మూడు నెలలకే మా పరుపు అంచు ఒక ప్రక్క కొంచెము వాలినది.

వేడి విషయమున హైబ్రిడ్ పరుపు కేవలము ఫోము పరుపుకంటె నయము, స్ప్రింగుల నడుమ గాలి ఆడును గనుక. మార్చి మాసపు రాత్రులలో పై ఫోము వీపునకు వెచ్చగా తగిలిన మాట నిజమే; నూలు దుప్పటి రెండు మడతలు పరచినపిదప ఇబ్బంది చాలవరకు తగ్గినది. నల్లుల మాట ఎత్తకుండ వసతి గృహపు పరుపును గూర్చి వ్రాయుట అసత్యమే యగును. పరుపు అంచు కుట్లు వానికి చక్కని నివాసములు. ఎండలో పడవేయుదమన్నచో ఫోమునకు ఎండ కిట్టదు. పసుపు రంగుకు తిరిగి పొడిపొడిగా రాలును. కాబట్టి జిప్పు గలిగి, ఉతుకుటకు వీలైన తొడుగు పరుపుతోపాటే కొనవలెను. దానిని అదనపు ఖర్చని కొట్టివేయరాదు.

దూది పరుపునకు ఈ బాధ లేదు. ఎండవేయవచ్చును, గడ్డకట్టినచో విప్పి ఏకించి మరల కుట్టించవచ్చును. మన తెలుగు ప్రాంతములలో ఈ విద్య దూదేకులవారిది. పింజారులని, నూర్‌బాషులని పిలువబడు ఈ తెలుగు ముస్లిములు భుజమున విల్లు వేసికొని వీధి వీధి తిరిగి ఊరి పక్కలన్నింటిని మెత్తపరచిరి. యంత్రములు వచ్చి ఆ విల్లు చాలవరకు మూలబడినది. ఉర్దూలో పరుపు ‘గద్దా’, సింహాసనము ‘గద్దీ’, తెలుగున గద్దె. దూదేకువాని విల్లు మ్రోగినంతకాలము బీదవాని పరుపునకు మూడు నాలుగేండ్లకొకసారి మరల పట్టాభిషేకము జరుగుచుండెను. హైబ్రిడ్ పరుపునకు అట్టి పునర్జన్మ లేదు. గుంటపడినచో ఇనుము పాతసామానుల వానికి, తక్కినది చెత్తకుప్పకు. అయినను రెండు వందల దూది పరుపులను ఏటేట ఎండవేసి, ఏకించి, కుట్టించు బాధ్యతను ఏ వసతి గృహమును నేడు నిలుపుకొనలేదని మాకు తెలియును. ఆ శ్రద్ధకు హామీ యుండినచో మేము దూది పరుపునే కోరియుందుము.

అట్టి హామీ లేనందున, రోజువారీ నిద్రకు చవుక హైబ్రిడ్ పరుపు చాలునని మా తీర్పు. అయితే కొనుగోలు కాగితములో ‘హైబ్రిడ్ పరుపు, ఆరంగుళములు’ అని మాత్రము వ్రాసినచో మేము ఒప్పుకొనము. పై ఫోము డెన్సిటీ 40కి తగ్గరాదనియు, స్ప్రింగులు సంచులలో కుట్టినవై యుండవలెననియు, వచ్చిన సరకులో ఏదేని ఒక పరుపును కోసి ఫోమును తూచి చూచు హక్కు కమిటీకి కలదనియు వ్రాయవలెను. ఒక పరుపు నష్టమగునని వెనుకాడరాదు. ఆ షరతు కాగితముపై నున్నచో నాసి సరకు వేయదలచినవాడు టెండరు దగ్గరకే రాడు. గ్యారంటీ కాగితములో ఎంత లోతు గుంటపడిన మార్చి యిత్తురో చదివి చూడవలెను. ‘సుఖముగా లేదు’ అన్నమాట ఆ కాగితములలో సాధారణముగా చెల్లదు.

వీని అన్నిటికంటె ముందు మంచములను కొలువవలెను. మా మంచములు 30 అంగుళముల వెడల్పువి. 36 అంగుళముల పరుపు వేసినచో ఇరువైపుల మూడేసి అంగుళములు వ్రేలాడి అంచు త్వరగా చెడును. ఇనుప పట్టీల నడుమ సందులు పెద్దవిగా నున్నవి, వానిపై ప్లైవుడ్ పలక పరువకుండ స్ప్రింగు పరుపు వేయుట దండుగ. రెండంతస్తుల మంచముల విషయమున ఇంకను జాగరూకత అవసరము: పరుపు మందమైనకొలది పైవాని ప్రక్కనున్న కమ్మి పొట్టిదగును. అచ్చట నాలుగంగుళములకు మించని పరుపు వేసి, హైబ్రిడ్ మాట మరచుట మేలు.

మా పరుపు ప్రస్తుతము మా గదిలోనే, ప్లైవుడ్ పలకమీద ఉన్నది. నిర్ణయము చేయుటకు ముందు కమిటీ సభ్యులలో ఎవరైనను వచ్చి ఒక రాత్రి దానిపై, మరునాటి రాత్రి ప్రక్క మంచముమీది జంపఖానాపై పరుండి చూడవలెనని కోరుచున్నాము. దుప్పటి, దిండు మేమే యిత్తుము.